కాల్చిన వంకాయ పచ్చడి

హైదరాబాదు పాతబస్తీలోని మీర్ ఆలం మండీలో పెద్ద గుండ్రని వంకాయలు కొనేవారిలో కొందరు పచ్చడి కొరకంటారు, కొందరు భర్తా కొరకంటారు. (తెలుగువారు ఆ పేరు విని నవ్వుకోవడం సహజమే!) బెంగాలీలు ఆవనూనె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలిపి చేసుకొనే భర్తా కూడా ఈ కోవలోనిదే.

కాయను ఎంచుకోవడంలోనే సగం నేర్పు ఉన్నది. ముదిరిన కాయ గింజలతో చేదెక్కుతుంది. లేత కాయకు నూనె రాసి, నాలుగు గాట్లు పెట్టాలి. గాట్లు లేకపోతే లోపలి ఆవిరికి కాయ పగలవచ్చు. పురుగు ఉన్నదీ లేనిదీ తెలియదు. సన్నని సెగపై త్రిప్పుతూ, తొక్క నల్లబడేవరకు కాల్చాలి. తొక్క తేమను చాలావరకు పోనీయదు కనుక గుజ్జు తన నీటితోనే ఉడికి, పొగవాసన పట్టుతుంది. తొందరపడి నీళ్లలో కడిగితే ఆ వాసన పోతుంది. చల్లారిన తరువాత చేతితో తొక్క వలిచి, గుజ్జును మెదపాలి. మిక్సీ వలదు, జిగురు తేలుతుంది. చింతపండు పులుసు, ఉప్పు, పచ్చిమిరపకాయలు కలిపి, ఇంగువ పోపు పెట్టి, వేడి అన్నంలో వడ్డించాలి.