ఇంట్లో మీట నొక్కితే చేనిలో బోరు మోటారు

పత్తికొండ, ప్యాపిలి మెట్ట పొలాల్లోగాని, పులివెందుల చీనీ తోటల్లోగాని బోరు రైతులకు పాత బాధ ఒకటున్నది. రాత్రి వంతుల కరెంటు వచ్చిన ఏండ్లలో టార్చిలైటు పట్టుకొని, పాములకు భయపడుతూ చేనికి పోవలసి వచ్చేది. తీరా పోయేసరికి కరెంటు ఉండేది కాదు. ఈ బాధ పడలేక చాలామంది ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచేసరికి ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం మొదలైంది. అది మందు కాదు, మరో రోగం.

ఫోనుతోనే మోటారు వేసే సాధనాన్ని పూణే ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' పేరుతో తయారుచేశారు. 2009లో దానికి నోకియా కంపెనీ పోటీలో బహుమతి వచ్చింది.

ఇందులోని కిటుకు పాత టెలిఫోను మోడెందే. ఫోను తీగ మోసేది శబ్దాన్ని మాత్రమే, అదీ సెకనుకు 300 నుంచి 3400 కంపనాల దాకా. కనుక కంప్యూటరు చెప్పే ఒకట్లను, సున్నలను మోడెం రెండు కూతలుగా మార్చేది. తొలినాటి ఒక పద్ధతిలో, ఫోను చేసినవారి వైపు నుంచి ఒకటికి 980 కంపనాలు, సున్నకు 1180.

ఫోను మీటలదీ అదే దారి. 1 నొక్కితే 697, 1209 కంపనాల కూతలు రెండూ కలిసి పోతాయి. పెండ్లిలో డోలు, సన్నాయి కలిసి మోగినా ఏది ఏదో మన చెవికి తెలియదా? స్టార్టరు పెట్టెలోని చిప్పు ఆ పనిని లెక్కలతో చేయాలి. అది సెకనుకు 8000 సార్లు శబ్దాన్ని కొలిచి, ఏ కూత ఎంత బలంగా ఉన్నదో తేలుస్తుంది. ఆ లెక్క గోర్ట్‌జెల్ అనే ఆయన 1958లో చెప్పినది. కూతలు గుర్తించడానికి విడిగా ఒక చిప్పు కొనడం వాడుక. ప్రోగ్రాం సరిగా రాస్తే ఆ ఖర్చు ఉండదు. వంద రూపాయల లోపు మైక్రోకంట్రోలరే చాలు.

అయితే రహస్య సంఖ్య పెట్టకపోతే ఎవరైనా ఫోను చేసి మోటారు వేయగలరు. బోరులో నీళ్లు అయిపోతే ఆపే ఏర్పాటు, మూడు ఫేజులూ ఉన్నాయా అని చూసే ఏర్పాటు లేనిదే కొనరాదు. సిగ్నల్ అందని గుట్టల చాటున ఇది పనికిరాదు.

జవాబు చెప్పడానికీ ఆ చిప్పే చాలు. మోటారు తిరుగుతుంటే ఒక కూత, కరెంటు లేకపోతే మరో కూత వేసేలా రాస్తే, రైతు మంచం దిగకుండానే వింటాడు.