చైనాతో బేరం, రష్యాపై ఆంక్షలు: మర్కూక్ పత్తికి ఏం సంబంధం?

సిద్దిపేట జిల్లా మర్కూక్ పత్తి చేనుకూ వాషింగ్టన్‌కూ సంబంధమేంటని ఎవరైనా అడిగితే, మేం 2025 ఆగస్టును గుర్తుచేస్తాం. ఆ నెల 7న అమెరికా మన సరుకులపై 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామని 27 నుంచి మరో 25 శాతం కలిపింది. రష్యా ముడిచమురు మనకంటే ఎక్కువ కొనేది చైనా. దానికి ఆ జరిమానా పడలేదు. ఎందుకు?

జవాబు వ్యాపార లెక్కల్లో ఉంది. 2024లో అమెరికా, చైనాల మధ్య సరుకుల వ్యాపారం సుమారు 58,000 కోట్ల డాలర్లు. రష్యాతో సుమారు 350 కోట్ల డాలర్లే. ఒకటి చెరువైతే ఇంకొకటి చెంబెడు నీళ్లు.

చైనాకు శాశ్వత సాధారణ వాణిజ్య హోదా ఇస్తూ అమెరికా 2000లోనే చట్టం చేసింది. రష్యాకు 2012లో ఇచ్చింది, అదే చట్టంలో మానవ హక్కుల పేరుతో ఆంక్షలూ చేర్చింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో ఆ హోదాను లాగేసుకుంది. అయినా రష్యా ఎరువులు కొనడం మానలేదు. చైనాపై 2025 ఏప్రిల్‌లో సుంకాన్ని 145 శాతానికి పెంచింది. చైనా ఎదురు సుంకాలు వేసి, అరుదైన ఖనిజాల ఎగుమతిని బిగించింది. మే నెలలో జెనీవా చర్చల తర్వాత అమెరికా 30 శాతానికి దిగింది. ఎదుటివాడి చేతిలో ఏముందో చూసే అది మాట్లాడుతుంది.

ఆ బలం లేని మనమీద భారం పడింది. సుంకాలతో దెబ్బతిన్న బట్టల పరిశ్రమకు ఊరటగా కేంద్రం పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 దాకా ఎత్తేసింది. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే కాలమది. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉండేది. బయట ధర పడిపోతే పట్టా ఉన్న రైతు సీసీఐ కేంద్రానికి పోతాడు. పాస్‌బుక్ లేని కౌలు రైతు దళారి చెప్పిన ధరకే అమ్ముకుంటాడు. మన ఊళ్లలో సొంత భూమి లేక కౌలుకు దున్నేవాళ్లలో దళితులు ఎందరో మనకు తెలుసు.

వాషింగ్టన్ నిర్ణయాలను మనం ఆపలేం. కానీ కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011 నాటి చట్టమే చెబుతోంది. ఆ కార్డు ఇవ్వాలనీ, దానితోనే సీసీఐ పత్తి కొనాలనీ మండలాఫీసు ముందు అడగాల్సింది మనమే.