కుట్టు వదిలితే తప్పు ఎవరిది?

బడులు తెరవడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. రాత్రి తొమ్మిది దాటాక మా వీధి చివర ఉండే ఆమె ఒక పెద్ద సంచీ ఈడ్చుకుంటూ వచ్చి మా గుమ్మంలో కూలబడింది. నన్ను అక్కా అంటుంది, నాకూ చెల్లెలి లాంటిదే. సంచీ నిండా నీలిరంగు స్కర్టులు, ఏదో బడి యూనిఫారాలు. లెక్కకు అరవై.

"అన్నీ వెనక్కి ఇచ్చేశారక్కా. పక్క కుట్టు పట్టి లాగితే సందు కనిపిస్తోందట. ఎల్లుండికి సరిచేసి ఇవ్వకపోతే కూలి లేదు, గుడ్డ ఖరీదు కూడా నా మీదే వేస్తామన్నారు" అంది.

ఆమెది హోసూరు వైపు. తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. పెళ్ళయి బెంగుళూరు వచ్చి, గార్మెంట్సు ఫ్యాక్టరీలో ఆరేళ్ళు పనిచేసింది. పిల్లవాడు పుట్టాక మానేసి, మహిళా సంఘంలో అప్పు తీసుకుని పాత పవర్ మిషను ఒకటి కొనుక్కుంది. ఈ స్కర్టుల కూలితోనే పిల్లవాడి ఫీజు కట్టాలి. నేనూ అదే పనిలో జుట్టు నెరిసినదాన్ని కనుక ఆ సంచీ బరువు ఎంతో నాకు తెలుసు.

"టెన్షన్ సరిగానే పెట్టాను కదక్కా! మొదట కింది దారం పైకి చుక్కలు చుక్కలుగా కనిపించింది. పై నట్టు కాస్త వదులు చేస్తే సర్దుకుంది" అంది.

ఆ ఒక్క మాటతో జబ్బు ఎక్కడుందో నాకు కొంత అంతుపట్టింది. అదేమిటో చెప్పే ముందు, మన ఇళ్ళలో మిషను కుట్టే ఆడపడుచులకూ అన్నదమ్ములకూ పనికివచ్చే నాలుగు సంగతులు చెప్పుకుందాం.

రెండు దారాల కాపురం

పైదారం, కింది దారం ఒకదాన్నొకటి పెనవేసుకుని పడేది మన మిషను కుట్టు. ఇలాంటి రెండు దారాల మిషనుకు అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందాడు. ఆ తరువాత మిషన్లు ఎంతో మారాయి. కాలితో తొక్కేవి పోయి మోటారువి వచ్చాయి. ఫ్యాక్టరీ మిషను నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేయగలదు. కానీ కుట్టు సూత్రం మాత్రం మారలేదు. రెండు దారాల ముడి సరిగ్గా రెండు గుడ్డల నడుమ దాగి ఉండాలి. పైనుంచి చూసినా, కిందినుంచి చూసినా ఒకేలా కనిపించాలి.

షోలాపూరు మగ్గాల ఇళ్ళలో పెరిగిన మనవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. పడుగు బిగువు తప్పితే బట్ట ఏమవుతుందో వారికి తెలుసు. మిషనులోనూ అంతే. పైదారం బిగువు ఎక్కువైతే కింది దారాన్ని పైకి లాగేస్తుంది, పైన చుక్కలు కనిపిస్తాయి. పైదారం వదులైతే గుడ్డ అడుగున ఉచ్చులు పడతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. అడుగున ఉచ్చులు చూసి బాబిన్‌లో తప్పుందనుకుంటారు. చాలాసార్లు ఆ తప్పు పైదారానిదే.

నట్టు ముట్టుకునే ముందు

కుట్టు చెడగానే మన చెయ్యి ముందుగా పోయేది టెన్షన్ నట్టు మీదికే. నిజానికి అది చివరిది కావాలి. నిన్న సరిగ్గా కుట్టిన మిషను ఇవాళ చెడిందంటే నట్టు తనంతట తాను తిరిగి ఉండదు కదా! వేరే ఏదో మారి ఉంటుంది. అదేమిటో వరసగా చూడాలి.

మొదట స్విచ్చి ఆపండి. పాత క్లచ్ మోటారైతే ఆపినా కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కి, మిషను కదలడం లేదని చూసుకున్నాకే సూది దగ్గర చెయ్యి పెట్టాలి.

రెండోది, పైదారం పూర్తిగా తీసి మళ్ళీ ఎక్కించండి. ఎక్కించేటప్పుడు పాదం పైకెత్తి ఉండాలి. అప్పుడే టెన్షన్ బిళ్ళలు విడి, దారం వాటి మధ్యకు దిగుతుంది. తరువాత సూది దగ్గర దారాన్ని లాగి చూడండి. పాదం ఎత్తినప్పుడు తేలిగ్గా రావాలి, దించినప్పుడు బిగువుగా రావాలి. దించినా తేలిగ్గానే వస్తే దారం బిళ్ళల మధ్యకు పోలేదన్నమాట. లేదా బిళ్ళల మధ్య నూలు దుమ్ము చేరి ఉంటుంది.

మూడోది సూది. ఇంటి మిషను సూదికి తల ఒకవైపు చదునుగా ఉంటుంది కనుక తప్పుగా పెట్టడం కష్టం. పవర్ మిషను సూది తల గుండ్రంగా ఉంటుంది, ఎటైనా తిరిగిపోతుంది. పొడవైన గాడి మన ఎడమవైపుకు రావాలి. మొన వంగినా, మొద్దుబారినా కొత్తది వేయండి. పలుచని గుడ్డకు 9, 11 నంబర్లు, చొక్కా గుడ్డకు 14, యూనిఫారం డ్రిల్లుకు 16, జీన్సు వంటి మందపు గుడ్డకు 18 వాడతారు. సన్న సూదిలో లావు దారం పెడితే, టెన్షన్ ఎంత సర్దినా దారం తెగుతూనే ఉంటుంది.

నాలుగోది బాబిన్. ఎగుడుదిగుడుగా చుట్టిన బాబిన్‌తో కుట్టు ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా వస్తుంది. అంచుదాకా నింపకుండా కాస్త వెలితిగానే చుట్టండి. కేసులో పెట్టేటప్పుడు దారం లాగితే బాబిన్ ఏ దిక్కుకు తిరగాలో మిషను పుస్తకంలో బాణం గుర్తుతో చూపి ఉంటుంది. దాన్ని పాటించండి.

అయిదోది దుమ్ము. పళ్ళ అడుగున, హుక్కు చుట్టూ, బాబిన్ కేసు రేకు కింద నూలు పీచు పేరుకుంటుంది. ప్రతిరోజూ పని ముగిశాక చిన్న బ్రష్‌తో తుడిచేది రెండు నిమిషాల పని. అడుగున నూనె తొట్టి ఉన్న మిషనైతే నూనె గుర్తు దాకా ఉందో లేదో కూడా చూడండి.

ఇక బిగువు సర్దడం

ఇవన్నీ అయ్యాకే బిగువు మాట. అందులోనూ ముందు కింద, ఆ తరువాతే పైన.

బాబిన్‌ను కేసులో పెట్టి, దారం కొస పట్టుకుని కేసును వేలాడదీయండి. బరువుకు అది జర్రున జారిపోకూడదు. చేతిని కొంచెం విదిలిస్తే రెండు మూడు అంగుళాలు దిగి ఆగాలి. జారిపోతే కింది బిగువు చాలలేదు. విదిలించినా కదలకపోతే ఎక్కువైంది. కేసు రేకు మీద ఉండే రెండు స్క్రూలలో పెద్దదాన్ని సర్దాలి. గడియారం ముల్లు అయిదు నిమిషాలు కదిలినంత తిప్పితే చాలు. మళ్ళీ వేలాడదీసి చూడాలి.

తరువాత పై నట్టు. కుడివైపుకు తిప్పితే బిగువు, ఎడమవైపుకు తిప్పితే వదులు. పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం పెట్టి, మీరు కుట్టబోయే గుడ్డ ముక్కల్నే రెండు పొరలుగా వేసి కుట్టి చూడండి. ఒకదాని రంగు రెండోవైపుకు రాకూడదు. ఆ పైన ఇంకో పరీక్ష. గుడ్డను ఏటవాలుగా కత్తిరించి కుట్టి, కుట్టు తెగేదాకా లాగండి. ఏ దారం ముందు తెగితే దాని బిగువు ఎక్కువన్నమాట. రెండూ కలిసి తెగితే సరిగ్గా కుదిరినట్టే.

ఇంత చేసినా కుట్టు తప్పుతూ ఉంటే హుక్కు సూదిని కలుసుకునే వేళ తప్పిందేమో. అది మెకానిక్ పని, మనం చెయ్యి పెట్టకూడదు. తిరుపూరు బనియన్ గుడ్డను ఈ మిషను మీద కుట్టి, లాగితే దారం తెగుతోందని బాధపడేవారూ ఉన్నారు. అది టెన్షన్ లోపం కాదు. సాగే గుడ్డకు సాగే కుట్టు వేసే ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్ మిషన్లు కావాలి.

ఆ అరవై స్కర్టులు

మళ్ళీ మా చెల్లెలి సంగతికి వద్దాం. ఆ రాత్రే వాళ్ళింటికి వెళ్ళి బాబిన్ కేసు తీసి వేలాడదీశాను. సర్రున నేలదాకా జారింది. రేకు కింద చూస్తే నూలు పీచు గట్టిగా అణిగి ఉంది. అది రేకును పైకి ఎత్తిపట్టి, దారాన్ని నొక్కనివ్వడం లేదు. కింది దారం వదులైంది కనుక పైదారం దాన్ని పైకి లాగింది. ఈమె పై నట్టు కూడా వదులు చేసింది. రెండూ సమానంగా వదులయ్యాయి. కుట్టు చూడడానికి చక్కగా ఉంది, చుక్కలు లేవు, ఉచ్చులు లేవు. కానీ పట్టి లాగితే నోరు తెరిచింది!

గోడకున్న మేకుకు పాత శుభలేఖ ఒకటి వేలాడుతోంది. దాని మూల చింపి రేకు కిందకు దూర్చి లాగాను. బూడిదరంగు పీచు పోగు ఊడివచ్చింది. ఆమె దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది.

"దీనికోసమా అక్కా, నేను మూడు రోజులుగా ఏడుస్తున్నది?" అంది.

స్క్రూ తిప్పే పనే లేకపోయింది. కేసు విదిలిస్తే దిగి ఆగింది. పై నట్టు మాత్రం కొంచెం కొంచెంగా బిగించి, గుడ్డ ముక్కల మీద చూసుకున్నాం. పాత కుట్టు విప్పలేదు. దానికి నూలుపోగంత లోపలగా రెండో కుట్టు వేశాం. అరవై స్కర్టులకు నూట ఇరవై పక్కలు. ఆమె కుట్టింది, నేను దారాలు కత్తిరించి, ఒక్కొక్కటీ లాగి చూసి మడతపెట్టాను. పిల్లవాడు ఆ మడతల పక్కనే నిద్రపోయాడు. రెండు రాత్రులు పట్టింది.

కూలి కొంత కోసుకునే ఇచ్చారు. అయినా ఫీజు గడువులోగా కట్టింది. వచ్చే ఏడాది పని ఇస్తారో ఇవ్వరో ఇంకా తెలియదు. ఇప్పుడు ఆమె మిషను సొరుగులో ఒక బ్రష్, రెండు కొత్త సూదులు, ఆ శుభలేఖ ముక్క ఉంటాయి. వారానికొకసారి నాకు వినపడేలా "అక్కా, కేసు తుడిచాను" అని వీధిలోంచే కేకేస్తుంది.

కన్నడంలో దార, సూజి అన్నా, తమిళంలో నూల్, ఊసి అన్నా మిషనుకు భాషాభేదం లేదు. మీ ఇంట్లోనూ కుట్టు వదులుతూ ఉంటే ఈ వరస ఒకసారి పాటించి చూడండి. మీకు తెలిసిన కిటుకులు ఇంకేమైనా ఉంటే, పక్కింటి పిల్లకు తప్పక నేర్పండి.