గురువారం గోలీ

సూరత్ దగ్గరి డుమస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. సాయంత్రం చల్లబడ్డాక మాత్రం లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియాల నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చుంటాయి. సెలవు దొరికితే మనవాళ్లు ముందుగా తలుచుకునేది ఆ సముద్రాన్నీ, అక్కడ వేడివేడిగా వేసిచ్చే టమాటా భజియాలనూ. ఆరేళ్ల కిందట అలాంటి ఒక సాయంత్రం మా చిన్నమ్మ చాప మీద నుంచి లేవలేకపోయింది. చెయ్యి అందించబోయాను. "చెయ్యి వట్టకు బిడ్డా, భుజం వట్టుకో" అంది. అప్పుడు చూశాను ఆ చేతుల్ని. మెటికలు ఉబ్బి, వాటి మధ్య పల్లాలు పూడిపోయాయి. గాజులు ఎప్పుడు తీసేసిందో ఇంట్లో ఎవరమూ గమనించలేదు.

ఇరవై ఏళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించిన చేతులవి. అందుకే అందరూ ఒకటే మాట అన్నారు: పని ఎక్కువై కీళ్లు అరిగాయని. కానీ అరుగుదల నొప్పి పని చేసిన కొద్దీ పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. చిన్నమ్మకు పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడుచుకునేది కాదు, పనిలో పడ్డాకే వేళ్లు వదులయ్యేవి. నొప్పి రెండు చేతుల్లోనూ ఒకే చోట. ఈ తేడా తెలియక మేం ఏడాది పోగొట్టుకున్నాం. ఆ ఏడాదిలో ఆమె మింగినవి ఎవరో పొట్లం కట్టిచ్చిన పేరులేని గోలీలు. మింగిన రోజు హాయిగా ఉండేది, మొహం మాత్రం నెలనెలకూ గుండ్రంగా ఉబ్బుతూ వచ్చింది. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత డాక్టరు చెబితేనే తెలిసింది. ఆమెది రుమటాయిడ్ ఆర్థరైటిస్, మనం కీళ్లవాతం అనేది. మగవాళ్లలో ఒకరికి వస్తే ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురికి వచ్చే జబ్బు.

మామూలుగా వేలు తెగితే అక్కడ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది. అక్కడ గాయమైందన్న కబురు మోసేవి సైటోకైన్లు. ఒక కణం విడుదల చేస్తే ఇంకో కణం అందుకునే చిన్న చిన్న ప్రొటీన్లు ఇవి. దారం తెగితే సాంచా (మరమగ్గం) ఆపుతాం, అతికించి మళ్లీ నడుపుతాం. ఒంట్లోనూ అంతే, గాయం మానాక కబురు ఆగిపోవాలి. కీళ్లవాతంలో ఆ కబురు ఆగదు. రక్షణ వ్యవస్థ సొంత కీలునే పరాయిదనుకుని, లేని శత్రువు కోసం రోజూ సైన్యాన్ని పిలుస్తుంటుంది.

ఈ సైటోకైన్లలో మూడు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. టీఎన్ఎఫ్ రక్తనాళాల తలుపులు తెరిచి తెల్లకణాలను కీలులోకి దింపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1 దానికి తోడై, మృదులాస్థిని కరిగించే ఎంజైములను పుట్టిస్తుంది. కీలు లోపలి పల్చటి పొర దళసరిగా పెరిగి ఎముక అంచును తినడం మొదలుపెడుతుంది. మూడోది ఇంటర్‌ల్యూకిన్-6. ఇది కీలులోనే ఉండిపోదు, రక్తంలో కలిసి కాలేయం దాకా వెళ్తుంది. అక్కడ సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. రక్తపరీక్ష కాగితంలో డాక్టరు ముందుగా వెతికేది ఆ అంకెనే. శరీరంలో ఇనుము ఉన్నా వాడుకోనీయకుండా చేసి రక్తహీనత తెచ్చేదీ ఇదే. చిన్నమ్మ "ఒళ్లంతా సచ్చువడ్డట్టున్నది" అంటే మేం వయసు అనుకున్నాం. ఇంకో సంగతి: కీళ్లవాతం ఉన్నవాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-6 తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడానికి అదొక కారణం.

వేరే జబ్బుల్లో వేరే కబురు పెత్తనం చేస్తుంది. లూపస్‌లో ఇంటర్‌ఫెరాన్, వెన్నెముక బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో టీఎన్ఎఫ్‌తో పాటు ఇంటర్‌ల్యూకిన్-17, గౌట్‌లో ఇంటర్‌ల్యూకిన్-1. అందుకే పక్కింటావిడకు పనిచేసిన మందు మనకూ పనిచేయాలని లేదు.

చిన్నమ్మకు డాక్టరు రాసిన మొదటి మందు మెథోట్రెక్సేట్. ప్రపంచమంతటా కీళ్లవాతానికి సాధారణంగా దీనితోనే మొదలుపెడతారు. ఈ గోలీ వెనక మన తెలుగువాడున్నాడన్న సంగతి, దాన్ని వారం వారం మింగుతున్న మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తంలోనూ కండలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. కండలో శక్తికి మూలమైన ఏటీపీని 1929లో వెలికితీశారు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దానికి ఎదురు నిలిచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లనూ తయారుచేసింది. అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తకేన్సర్ పిల్లలకు వైద్యం చేసిన ఫలితాలు 1948లో వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు.

తన మందు కీళ్లకు పనికొస్తుందని ఆయన చూడలేదు. 1951లో అమినోప్టెరిన్‌ను కీళ్లవాతంలో వాడి చూశారు. కొద్ది మోతాదు మెథోట్రెక్సేట్ నిజంగా పనిచేస్తుందని 1980లలో రుజువైంది. 1988లో అమెరికా ఈ జబ్బుకు దాన్ని అనుమతించింది. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఇంకోటి. ఇంత తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ పనిచేసే దారుల్లో ముఖ్యమైనది ఇదీ: కణాల బయట అడినోసిన్ అనే పదార్థాన్ని అది పెంచుతుంది, అడినోసిన్ సైటోకైన్ల గొంతు తగ్గిస్తుంది. ఏటీపీ పేరులో మొదటి అక్షరం ఆ అడినోసిన్‌దే. 1929లో ఆయన కండలో పట్టుకున్న పదార్థం, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఆయన బృందం చేసిన మందు, రెండూ మా చిన్నమ్మ మెటికల్లో కలుసుకున్నాయి.

ఈ మందు వారానికి ఒక్కసారే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మొదట్లో చిన్నమ్మకు ఆ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. బీపీ గోలీలాగే నాలుగు రోజులు వరుసగా వేసుకుంది. అయిదో రోజుకు నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోయింది. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అప్పట్నుంచి మా ఇంట్లో క్యాలెండరు మీద గురువారాలకు ఎర్ర సున్నా చుడుతున్నాం. వేరే రోజు ఫోలిక్ యాసిడ్, అదీ సుబ్బారావు బృందం చేసిందే. కాలేయానికీ రక్తకణాలకూ క్రమం తప్పకుండా పరీక్షలు చేయిస్తాం. గర్భం కోరుకునే ఆడపిల్లలు ఈ మందు వేసుకోకూడదు. ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

మెథోట్రెక్సేట్ సరిపోని వాళ్లకు ఇప్పుడు సూది మందులున్నాయి. లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్‌తో కలిసి 1992లో లండన్ చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని రోగులకు ఇచ్చారు. ఒక్క కబురును ఆపితే చాలు, మిగతావీ సద్దుమణుగుతాయని అప్పుడే తేలింది. ఆ కోవకే చెందిన అడాలిముమాబ్‌కు మొదటి బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, 2014 డిసెంబరులో మన అహ్మదాబాదులోని జైడస్ తెచ్చింది. అయితే టీబీ క్రిమిని ఊపిరితిత్తుల్లో గోడ కట్టి బంధించి ఉంచేది కూడా టీఎన్ఎఫే. దాన్ని ఆపితే గోడ కూలుతుంది. మన దేశంలో నిద్రాణంగా టీబీ ఉన్నవాళ్లు ఎంతోమంది. అందుకే ఈ సూదికి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష చేయించుకోకుండా ఎవరూ ఒప్పుకోవద్దు.

సూరత్‌లో ఉన్న మనకు ఇంకో మాట. బట్టల మిల్లుల దుమ్ము పీల్చిన ఆడవాళ్లలో కీళ్లవాతం దాదాపు మూడు రెట్లు ఎక్కువని మలేషియాలో జరిగిన ఒక అధ్యయనం 2015లో తేల్చింది. సిగరెట్టు పొగ ఈ జబ్బుకు దారి తీస్తుందని అంతకుముందే తెలుసు. వరంగల్, కరీంనగర్, నల్లగొండల నుంచి వచ్చి తరాలుగా సాంచాల మధ్య బతుకుతున్న వాళ్లం మనం. దూది పొట్టు రాత్రి తలదిండు దాకా వస్తుంది. మన సంఘం పెట్టే ఆరోగ్య శిబిరాల్లో షుగరూ బీపీతో పాటు "పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకుంటుందా అక్కా?" అన్న ఒక్క ప్రశ్న చేర్చాలని నా కోరిక. దానికి ఖర్చేమీ లేదు. ఆరు వారాలు దాటి వాపుంటే కీళ్ల వైద్యుడి దగ్గరికి పంపాలి. మొదటి కొద్ది నెలల్లో మందు పడితే ఎముక మిగులుతుంది. జబ్బు తిన్న ఎముక తిరిగి రాదు. చిన్నమ్మ కుడి చూపుడువేలు ఇప్పటికీ వంకరే.

పోయిన గురువారం గోలీ చేతిలో పెడుతూ సుబ్బారావు గారి కథ చెప్పాను. "ఆయనకు గూడ కీళ్లవాతమా?" అని అడిగింది. కాదు చిన్నమ్మా, ఆయన అన్నదమ్ములిద్దరు సంగ్రహణితో రోజుల తేడాలో పోయారట, ఆ జబ్బుకు పనిచేసే మందే ఫోలిక్ యాసిడ్ అన్నాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "వాళ్ల అమ్మ అప్పటికి ఉన్నదా?" అంది. ఉందన్నాను. గోలీ నోట్లో వేసుకుని, లోటా తనే ఎత్తుకుని నీళ్లు తాగింది.