పనుల జాబితా, క్యాలెండరు: ఫోను ఏమి గుర్తు చేయగలదు?

సైన్సు రికార్డు పూర్తి చేయవలెను. గ్రంథాలయములో పుస్తకము తిరిగి ఇవ్వవలెను. ఇంటికి పోతూ మందులు కొనవలెను. ఇటువంటి పనులు విద్యార్థి మనస్సులో ఎప్పుడూ నాలుగైదు మెదలుతూనే ఉంటవి. ఉపాధ్యాయుల సంగతి చెప్పనే అక్కరలేదు. పూర్వము చీటీ మీదనో, గోడ క్యాలెండరు మీదనో రాసుకొనే ఈ సంగతులను నేడు చాలామంది ఫోనులోని యాప్‌లో రాసుకొంటున్నారు. గూగుల్ క్యాలెండర్, టూడూయిస్ట్, మైక్రోసాఫ్ట్ టు డూ మొదలైనవి ఇట్టి సాధనములు.

వీటిని వాడేవారి అనుభవములు రెండు విధములుగా ఉంటవి. మనస్సు తేలికపడినదని కొందరు అంటారు. మొదటి వారము బాగానే ఉన్నదనీ, తరువాత జాబితా కొండవలె పెరిగి తెరిచి చూడబుద్ధి కాలేదనీ మరికొందరు అంటారు. సాధనము ఒకటే గదా, ఫలితములు ఇట్లా ఎందుకు వేరవుతున్నవి? ఇందుకు సమాధానము యంత్రములో కన్న మన మనస్సు పనిచేసే తీరులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

చేయబోయే పనిని గుర్తుంచుకొనుట

జరిగిపోయిన సంగతిని గుర్తు తెచ్చుకొనుట ఒక శక్తి. చేయవలసిన పనిని తగిన వేళకు గుర్తు తెచ్చుకొనుట మరొక శక్తి. ఈ రెండవదానిని భావిస్మృతి అనవచ్చును. 1990లో ఐన్‌స్టీన్, మెక్‌డేనియల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని రెండుగా విడదీసి చూపారు (ఈ ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతకర్త కాడు). “లెక్కల మాస్టారు కనబడగానే నోటుపుస్తకము ఇవ్వాలి” అనుకొన్నప్పుడు మాస్టారు కనబడుటయే మనకు సూచన. “అయిదు గంటలకు నీళ్ళ మోటారు ఆపాలి” అనుకొన్నప్పుడు అట్టి సూచన బయట ఏదీ లేదు. మనమే గడియారమును చూస్తూ ఉండవలెను. అందుచేత రెండవ రకము పనులు తరచు తప్పిపోతవి. వేళకు ఫోను మోగినట్లయితే, రెండవ రకము పని మొదటి రకము పనిగా మారుతుంది. యాప్ చేసే మొదటి ఉపకారము ఇదే.

రాసుకొంటే భారము తగ్గునా?

పూర్తికాని పని మనస్సును అంటిపెట్టుకొని ఉంటుందనే భావనకు చాలా కాలము నుండి ప్రచారము ఉన్నది. బెర్లిన్‌లో పరిశోధన చేసిన బ్లూమా జైగార్నిక్, మధ్యలో ఆపివేయించిన పనులే పూర్తిచేసిన పనుల కన్న ఎక్కువగా గుర్తుంటున్నవని 1927లో ప్రకటించింది. తరువాతి ప్రయోగములన్నింటిలోను ఈ ఫలితము ఒకే తీరుగా రాలేదు. అయినను ఆమె వేసిన ప్రశ్న కొత్త పరిశోధనలకు దారి తీసింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనేవారు చేసిన ప్రయోగములలో, పూర్తికాని పనులను గురించిన తలపులు చదువుకు అడ్డము వచ్చినవి. ఆ పనిని ఎప్పుడు, ఎట్లా చేయవలెనో నిశ్చయించుకొన్నవారికి మాత్రము, పని ఇంకను మిగిలియున్నప్పటికీ, ఆ అడ్డంకి తగ్గింది.

2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయము వారు 57 మంది యువజనులపై ఒక ప్రయోగమును ప్రకటించారు. పడుకొనే ముందు అయిదు నిమిషములపాటు కొందరు రాబోయే రోజుల పనులను, మిగిలినవారు చేసి ముగించిన పనులను రాశారు. మొదటి జట్టువారు సగటున సుమారు 9 నిమిషములు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరముగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టినదని కూడ తేలింది.

కనుక “సైన్సు” అని ఒక మాట రాసి ఊరుకొనుట చాలదు. “మంగళవారము సాయంత్రము ఆరు గంటలకు, కాంతి పాఠములోని మూడు పటములు” అని రాసినప్పుడే మనస్సు ఆ భారమును దింపుకొంటుంది.

జాబితా కొండయగుట

జాబితా “ఏమి” అనే ప్రశ్నకు జవాబు చెబుతుంది. క్యాలెండరు “ఎప్పుడు” అనే ప్రశ్నకు జవాబు చెబుతుంది. జాబితాకు హద్దు లేదు, రోజుకు మాత్రము 24 గంటలే. చిక్కు ఇక్కడనే పుడుతున్నది.

దీనికి తోడు మన అంచనాలలో ఒక దోషము ఉన్నది. పనికి పట్టే కాలమును మనుష్యులు తక్కువగా ఊహిస్తారని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చెప్పారు. 1994లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పరిశోధన వ్యాసము రాస్తున్న విద్యార్థులను అది ఎన్ని రోజులలో పూర్తవుతుందని అడిగారు. వారి సగటు అంచనా 34 రోజులు. పట్టినవి 55 రోజులకు పైగా. అనగా అంచనాకు ఇంచుమించు 1.6 రెట్లు.

ఒక లెక్క వేసి చూద్దాము. సాయంత్రము 5 నుండి 9 వరకు మనకు 240 నిమిషములు ఉన్నవి. ఒక్కొక్కటి 40 నిమిషముల వంతున ఆరు పనులు రాసుకొంటే కాలము సరిగా సరిపోయినట్లే తోస్తుంది. ఉదాహరణకు పై నిష్పత్తినే తీసుకొంటే, ఒక్కొక్క పనికి 64 నిమిషములు, ఆరింటికి 384 నిమిషములు కావలెను. 9 గంటలకు మూడు పనులు మాత్రమే ముగిసి, నాలుగవది ముప్పాతిక వంతు అయి ఉంటుంది. మిగిలినవి మరునాటి జాబితాలో చేరుతవి. ఇట్లా వారము గడిస్తే కొండ తయారు! ఈ స్థితిలో గంట ఎన్నిసార్లు మోగినా వినేవాడు దానిని నొక్కి ఆపుటకే అలవాటు పడతాడు. పనులను క్యాలెండరు గడులలో పెట్టి చూచినట్లయితే, ఏవి పట్టవో ముందుగానే తెలిసిపోతుంది.

యంత్రము హద్దులు

క్యాలెండరు సమాచారమును యాప్‌లు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకొనుటకు ఐక్యాలెండర్ అనే ప్రమాణము 1998లో ఏర్పడి, 2009లో సవరింపబడినది. ఇందులో వేళ కుదిరిన కార్యక్రమము, చేయవలసిన పని అనేవి రెండు వేరు వేరు జాతులు. ఈ ఇచ్చిపుచ్చుకొనే వీలు చిన్న విషయము కాదు. పలువురి ఆదరము పొందిన వండర్‌లిస్ట్ అనే జాబితా యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020లో మూసివేసింది. వాడుకరులు తమ జాబితాలను మరొక చోటికి మార్చుకొనవలసి వచ్చింది.

వేళ విషయములోను జాగ్రత్త అవసరము. న్యూయార్క్‌లోని మన బంధువులు ప్రతి ఆదివారము రాత్రి 9 గంటలకు మాట్లాడుకొందామని కార్యక్రమము పెట్టారనుకొందాము. అది హైదరాబాదులో శీతకాలమున సోమవారము ఉదయము 7.30కు, వేసవిలో 6.30కు మోగుతుంది. అక్కడ గడియారములను ఏటేటా ముందుకు, వెనుకకు జరుపుటయే కారణము. ఇక తిథిని బట్టి వచ్చే పండుగను “ప్రతి సంవత్సరము ఇదే తేదీ” అని పెట్టుకొంటే, మరుసటి ఏడు యాప్ తప్పు రోజున మోగుతుంది. అది తేదీని ఎరుగును గాని, తిథిని ఎరుగదు.

తరగతిలో ఒక ప్రయోగము

దీనికి ఫోను అక్కరలేదు, నోటుపుస్తకము చాలును. ఒక వారముపాటు ప్రతి విద్యార్థి రోజుకు మూడు పనులు, వాటికి పట్టునని తోచిన కాలము, పట్టిన కాలము రాయవలెను. రెండవ మొత్తమును మొదటి మొత్తముతో భాగిస్తే ఎవరి నిష్పత్తి వారికి వస్తుంది. రెండవ వారము సగముమంది జాబితా మాత్రమే రాయవలెను. మిగిలినవారు తమ నిష్పత్తితో అంచనాను గుణించి, ప్రతి పనికీ వేళ కేటాయించవలెను. ఏ జట్టులో ఎక్కువ పనులు పూర్తయినవో ఉపాధ్యాయులు పోల్చి చూడవచ్చును.

యంత్రము వేళను గుర్తు చేయగలదే గాని, కాలమును సృష్టించలేదు. ఉన్న కాలములో ఏ పనికి చోటు ఇవ్వవలెనో, దేనిని వదలుకొనవలెనో నిర్ణయించుట మాత్రము మన వంతే.