మ్యాక్‌బుక్ ప్రో ఎం5: గుణమెంత, వెల యెంత?

ఒకప్పుడు రేడియో కొనబోవువారు అంగడివానిని అడుగు మొదటి ప్రశ్న "ఎన్ని వాల్వుల సెట్టు?" అని. పిదప ట్రాన్సిస్టరు దినములు వచ్చినవి. ప్రశ్న మారలేదు, వాల్వుల స్థానమున ట్రాన్సిస్టర్లు వచ్చినవి, అంతే. కొనువారికి ఈ లెక్కపై గల మోజును కనిపెట్టి, విదేశములలో కొందరు తయారీదారులు పనిలేని ట్రాన్సిస్టర్లను సైతము లోపల అతికించి, పెరిగిన సంఖ్యను సెట్టుపై అచ్చువేసి అమ్మిరి. సెట్టు మ్రోగుటకును వానికిని నిమిత్తమే లేదు. నేటి ల్యాప్‌టాపుల విషయమున అంతటి మోసము లేదు గాని, సంఖ్యను చూచి వెల చెల్లించు అలవాటు మాత్రము మనలను విడువలేదు.

2025 అక్టోబరులో ఆపిల్ కంపెనీ ఎం5 అను క్రొత్త ప్రాసెసరుతో 14 అంగుళముల మ్యాక్‌బుక్ ప్రోను విడుదల చేసినది. 16 గిగాబైట్ల మెమరీ, 512 గిగాబైట్ల నిలువ గల మొదటి రకమునకు మన దేశమున నాడు ప్రకటించిన వెల 1,69,900 రూపాయలు. అదే సంవత్సరము ఎన్‌విడియా వారి ఆర్‌టిఎక్స్ 50 వరుస గ్రాఫిక్స్ చిప్పులు అమర్చిన విండోస్ ల్యాప్‌టాపులును బజారునకు వచ్చినవి. ఇంజనీరింగు చదువు పిల్లలు ఇంటికి వచ్చి అడుగుచున్నవి సాధారణముగా ఈ రెండు తెగలే. మొదటిదానిని ముఖ్యముగాను, రెండవదానిని దాని ప్రక్కన నుంచియు ఒకసారి తూచి చూతము.

తూచుటకు రాయి కావలెను గదా. తెనాలి నుండి రేపల్లె పోవు రైలుమార్గమున నున్న వేమూరునే తీసికొందము. కృష్ణా కాలువల క్రింది వరి నేల అది. 2025-26 ఖరీఫునకు సాధారణ రకము ధాన్యమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు పడును. ఆ లెక్కన ఈ ల్యాప్‌టాపు వెల 96 బస్తాలు. ఎకరమునకు 32 బస్తాలు దిగినవనుకొన్నను, మూడెకరముల పంట యావత్తును తీసికొనిపోయి అంగడిలో పోసినట్లే. కౌలు, ఎరువు, కోత మిషను బాడుగ తీయకమునుపటి మాట యిది. తేమ పేరిట తగ్గించు ధర సంగతి మేము చెప్పనే లేదు. ఆ వెలలో 26 వేల రూపాయలకు కొంచెము తక్కువగా 18 శాతపు జి.ఎస్.టి. క్రిందికే పోవును.

ఇంత చెల్లించినచో వచ్చునదేమి? ఎం5 లో ప్రధాన ప్రాసెసరు భాగములు పది. నాలుగు వేగమునకు, ఆరు పొదుపునకు. ఉత్తరము టైపు చేయునపుడు పొదుపు భాగములే ఆ పనిని నెట్టుకొని వచ్చును. గ్రాఫిక్స్ భాగములు మరి పది. వీనిలో ప్రతిదానియందును కృత్రిమ మేధ లెక్కలకై ప్రత్యేకమైన యొక యంత్రాంగమును చేర్చిరి. నిజమైన క్రొత్తదనము ఇదియే. వెనుకటి ఎం4 కంటె కృత్రిమ మేధ పనులలో 3.5 రెట్ల వరకు, గ్రాఫిక్స్‌లో 1.6 రెట్ల వరకు, ప్రధాన ప్రాసెసరు పనులలో 20 శాతము వరకు హెచ్చు వేగమని కంపెనీ ప్రకటించినది. చదువరులు 'వరకు' అను మాటను రెండుమారులు చదువవలెనని మా మనవి. మూడున్నర రెట్లు ఏరి చూపిన పనులలోని మాట. దినదినము చేయు పనులలో కనబడునది ఆ 20 శాతమునకు దగ్గరగా నుండును. ఎం4 యంత్రము ఇంట నున్నవారు దీనికై తొందరపడనక్కరలేదు.

వీనికంటె ముఖ్యమైన సంఖ్య యొకటి వివరపట్టికలో అడుగున నుండును. మెమరీ నుండి ప్రాసెసరునకు సెకనుకు ఎంత సమాచారము చేరగలదను లెక్క యది. ఎం4 లో 120 గిగాబైట్లు. ఎం5 లో 153. డెల్టావారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. కాలువ నిండుగా పారుచున్నను, తూము ఇరుకైనచో మడి తడియుట ఆలస్యమగును. కృత్రిమ మేధ భాషా నమూనాను ఇంటి యంత్రముపై నడుపుటలో ఇదియే జరుగును. ఒక్కొక్క మాటముక్కను పుట్టించుటకు ఆ నమూనా యావత్తును మెమరీ నుండి ఒకసారి చదువవలెను. నమూనా 4.5 గిగాబైట్లున్నచో, 153ను దానితో భాగింపగా సెకనుకు 34 ముక్కలు వచ్చును. ప్రాసెసరు ఎంత చురుకైనదైనను ఒక సంభాషణలో అంతకు మించదు. తెలుగు మాట ఇంగ్లీషు మాటకంటె సాధారణముగా ఎక్కువ ముక్కలగును గనుక, మన భాషలో ఆ వేగము ఇంకను తగ్గును.

విండోస్ తెగలోని ఆర్‌టిఎక్స్ 5070 ల్యాప్‌టాపు చిప్పునకు ఈ తూము రెండు రెట్లకు మించి వెడల్పు. కాని దాని సొంత మెమరీ 8 గిగాబైట్లే. అంతలో ఇమిడిన పని వాయువేగమున సాగును. ఇమడనిది అడుగడుగునకు నిలిచిపోవును. ఆపిల్ యంత్రమున 16 గిగాబైట్లును ప్రాసెసరునకు, గ్రాఫిక్స్‌నకు ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తునకు గల సౌఖ్యమును, చిక్కును రెండును దీనికి కలవు.

పేరు విషయమున కొనువారు పొరబడుటకు ఇదే తావు. బల్లపై నుంచు పెద్ద కంప్యూటరులోని 5070 కార్డున గణన విభాగములు 6,144, మెమరీ 12 గిగాబైట్లు, విద్యుత్తు 250 వాట్లు. ల్యాప్‌టాపులోని 5070 లో విభాగములు 4,608, మెమరీ 8 గిగాబైట్లు. దాని విద్యుత్తును 50 మొదలు 100 వాట్ల వరకు తయారీదారు తన యిష్టము వచ్చినంతకు కట్టడి చేయవచ్చును. పెట్టెపై అంటించు చీటీ అన్నిటికి ఒకటే. 50 వాట్ల 5070 ను కొనినవాడు, 100 వాట్ల 5060 ను కొనిన ప్రక్కయింటివాని కంటె ఎక్కువ వెల యిచ్చి, పనిలో వెనుకబడుట అసంభవము కాదు. ఆయిలింజను కొనునపుడు రంగును గాక హార్సుపవరును అడుగు రైతు, ల్యాప్‌టాపు కొనునపుడు వాట్లను అడుగకుండుట మాకు వింతగా తోచుచున్నది.

వాట్లన్నియు తుదకు వేడియై బయటికి రావలసినవే. ఆపిల్ వివరపట్టికలో ఈ యంత్రము పనిచేయవలసిన వాతావరణము 10 మొదలు 35 డిగ్రీల సెంటిగ్రేడు వరకు అని కలదు. మన రోహిణీ కార్తె సంగతి ఆ పట్టిక వ్రాసినవారికి తెలియదు కాబోలు. మే నెల మధ్యాహ్నము వేమూరులో రేకుల గదిలోనే కాదు, డాబా యింటిలోను 35 డిగ్రీలు దాటును. అంత మాత్రమున యంత్రము పాడగునని కాదు. తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. పరుపుపై నుంచి గాలిదారి మూసినచో మరింత తగ్గును. విండోస్ తెగ ఏదైనను ఈ విషయమున మెరుగు కాదు. వాట్లు హెచ్చు గనుక వేడియు హెచ్చు, ఫ్యాను రొదయు హెచ్చు.

కరెంటు పోయిన వేళ మాత్రము మ్యాక్‌బుక్ పైచేయి స్పష్టము. దాని బ్యాటరీ 72.4 వాట్-గంటలు. కంపెనీ చెప్పిన 24 గంటలు వీడియో చూచుటకు మాత్రమే. అనగా గంటకు సగటున 3 వాట్లు. అదే యంత్రము బరువైన పనిలో 36 వాట్లు లాగినచో రెండు గంటలకు సరి. అయినను తీగ తీసినంతనే దాని వేగము చెప్పుకోదగినంతగా తగ్గదు. విండోస్ జోరు ల్యాప్‌టాపులు బ్యాటరీపైకి రాగానే చాల భాగము శక్తిని కోల్పోవును. వానిలో కొన్నింటి చార్జర్లు 230 వాట్లు. ఇంటి ఇన్వర్టరుపై పాతరకము సీలింగు ఫ్యానులు మూడు తిరుగునంత భారము. వేమూరులో రైలెక్కి తెనాలి మీదుగా దినమును కాలేజీకి పోవు పిల్లకు 1.55 కిలోల బరువును ఒక గుణమే.

ఇక ఎవరికి తగును? సివిలు, మెకానికలు విద్యార్థులకు తగదు. స్టాడ్ ప్రో, సాలిడ్‌వర్క్స్, ఆన్‌సిస్ వంటివి మ్యాక్‌పై నేరుగా నడువవు. ఇంతకు మించి చర్చ అనవసరము. వారు వాట్లను అడిగి విండోస్ యంత్రమునే కొనవలెను. తెలుగు డి.టి.పి. పని చేయువారు నమ్ముకొన్న అను స్క్రిప్టు మేనేజరు విండోస్‌దే. ఆ పనికి ఏ జోరు యంత్రమును అక్కరలేదు. తెనాలిలో పెండ్లి వీడియోలు కూర్చువారి సంగతి వేరు. వీడియోను చదివి వ్రాయుటకు ఎం5 లో ప్రత్యేక విభాగమే కలదు. రాత్రికి రాత్రి పని ముగించి సొమ్ము తెచ్చుకొనువానికి ఈ వెల పెట్టుబడి. 512 గిగాబైట్లు పెండ్లిండ్ల కాలమున చాలవు గనుక బయటి డిస్కు వెలను కూడ కలుపుకొనవలెను.

మిగిలినది కంప్యూటరు సైన్సు విద్యార్థి. మొదటి రెండేండ్లు సి, పైథాను, జావా వ్రాయుటకు 16 గిగాబైట్ల మెమరీ గల సాధారణ ల్యాప్‌టాపు చాలును. మూడవ యేట కృత్రిమ మేధ అభ్యసించినచో ఎన్‌విడియా వారి కూడా సాధనములు మ్యాక్‌పై పనిచేయవని తెలియును. అయితే గూగుల్ కొలాబ్ వంటి చోట ఆ శక్తిని కొంతవరకు ఉచితముగనే వాడుకొనవచ్చును. కనుక అట్టి యింటివారు మొదటి యేడే 96 బస్తాలు వెచ్చింపవలదనియే మా అభిప్రాయము.

కొనుటకే నిశ్చయించినవారు మెమరీని ఆనాడే నిర్ణయించుకొనవలెను. దీనిలో మెమరీయు, నిలువయు బోర్డునకు అతికియే యుండును. తరువాత పెంచుకొను వీలు లేదు. విడుదలనాడు 24 గిగాబైట్ల మెమరీ, 1 టెరాబైటు నిలువ గల రకము వెల 2,09,900 రూపాయలు. విండోస్ జోరు ల్యాప్‌టాపులలో చాలవరకు ఈ రెంటిని పిదప మార్చుకొనవచ్చును. విద్యార్థి పేరిట కొనినచో ఆపిల్ మొదటి రకమునకు 10 వేలు తగ్గించి 1,59,900 కే యిచ్చినది. కాలేజీ గుర్తింపు చీటీని వెంట తీసికొనిపోవలెను. హామీ ఒక సంవత్సరమే గనుక, మరమ్మతునకు తెనాలి చాలునో, గుంటూరు, విజయవాడ పోవలెనో సొమ్ము చెల్లింపకమునుపే విచారింపవలెను.

అంగడిలో తీగ తీయించి, బరువైన వీడియో నొకదానిని అరగంటసేపు నడిపించి చూడుడు. మొదటి అయిదు నిమిషములలో ఎంత పని జరిగినదో, చివరి అయిదు నిమిషములలో ఎంత జరిగినదో గడియారము పెట్టి కాగితముపై వ్రాసికొనుడు. ఏ.సి. గదిలోనే ఆ రెంటికి తేడా వచ్చినచో, మే నెలలో మీ యింట ఇంకను హెచ్చుగా వచ్చును.