పటాన్‌చెరులో పఠాన్లెవరు?

బొంతపల్లి నుంచి పటాన్‌చెరుకు బస్సులో వెళ్లొచ్చే ఒక పిల్లాడి ప్రశ్న: "పటాన్‌చెరు అంటే పఠాన్ల చెరువా? అసలు మన ఊళ్లకు ఈ పేర్లెలా వచ్చాయి?"

బోర్డు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ముందుగా పేరును రెండు ముక్కలు చేద్దాం. తోక ముక్క అది ఎలాంటి చోటో చెబుతుంది. తల ముక్క అది ఎవరిదో, దేనిదో చెబుతుంది. తోకను పట్టుకోవడం తేలిక. మనం మోసపోయేది తల దగ్గరే.

పటాన్‌చెరు తోక చెరువు. చెరువే ఎందుకు? మన నేల అడుగున గట్టి గ్రానైట్ ఉంది. వాన నీళ్లు కొంతే ఇంకి, మిగతావి పల్లానికి జారిపోతాయి. అవి నక్కవాగులో చేరి, మంజీరలో కలిసి, చివరికి గోదావరికి పోతాయి. (పక్కనున్న హైదరాబాదు మూసీ నీళ్లేమో కృష్ణకు పోతాయి, చూశారా!) జారిపోయే నీటిని కట్ట వేసి ఆపితేనే పంట, పంట ఉంటేనే ఊరు. అందుకే చెరువు పేరే ఊరి పేరయింది.

ఇక తల. సుమారు వెయ్యేళ్ల కిందట ఈ ప్రాంతాన్ని కల్యాణి చాళుక్యులు ఏలారు. వాళ్ల కాలపు కన్నడ శాసనాల్లో 'పొట్టలకెరె' అనే పట్టణం ఉంది. అదే నేటి పటాన్‌చెరు అని చరిత్రకారులు గుర్తించారు. అప్పటికి దక్కనులో సుల్తానుల పాలన రావడానికి ఇంకా రెండు వందల ఏళ్లకు పైగానే ఉంది. కాబట్టి ఈ పేరుకు మూలం పఠాన్లు కారు. పాత పేరు జనం నోట అరిగి, కొత్తగా చెవిన పడిన మాటలా మారి ఉంటుంది, అంతే.

మరి కెరె ఏమిటి, చెరువు ఏమిటి? రెండూ ఒకే మాట! కన్నడవాళ్లు 'కివి' అంటే మనం 'చెవి' అంటాం. వాళ్ల 'కై' మన 'చేయి'. 'క' అని ఒకసారి, 'కి' అని ఒకసారి పైకి అని చూడండి. 'కి' అనేటప్పుడు నాలుక కాస్త ముందుకు జరుగుతుంది. ఇంకొంచెం జరిగితే 'చి' అవుతుంది. తెలుగులో ఆ జరుగుడు ఎప్పుడో పూర్తయింది, కన్నడంలో కాలేదు. అంటే వెయ్యేళ్లలో ఈ ఊరి పేరుకు తల మారింది గాని, తోక మారలేదు.

మీ ఊరి 'పల్లి'కీ ఇలాంటి చుట్టరికమే ఉంది. కన్నడంలో మాట మొదటి 'ప' చాలాచోట్ల 'హ' అయింది. మన పాలు వాళ్లకు హాలు, పులి హులి, పల్లి హళ్ళి. అయితే 'బొంత' దగ్గర జాగ్రత్త! కప్పుకునే బొంత ఉంది, బొంతకాకి ఉంది, చేనిగట్ల మీద పెరిగే బొంతజెముడు ఉంది. పాత శాసనమో రికార్డో చేతిలో లేకుండా వీటిలో ఒకదాన్ని పట్టుకుంటే అది ఇంకో పఠాన్ల కథ అవుతుంది.

పక్కనున్న వీరన్నగూడెం అంత దాపరికం లేని పేరు. వీరభద్రుణ్ణి మనవాళ్లు వీరన్న అంటారు, బొంతపల్లిలో వీరభద్రస్వామి గుడి ఉంది. ఇక అనంతారం, రుద్రారం లాంటి 'ఆరం' పేర్లలో చాలావాటి వెనుక 'వరం' ఉంటుంది. రుద్రవరం అని గబగబా పదిసార్లు అనండి, 'వ' ఎక్కడ జారిపోతుందో మీకే తెలుస్తుంది.

నీటిని బట్టి పేరు పెట్టడం మన ఒక్కరి అలవాటే కాదు. స్కాట్లండు ఈశాన్య తీరంలో విక్ అనే ఊరుంది. ఓడల్లో వచ్చిన నార్సు జనం భాషలో ఆ మాటకు అర్థం సముద్రపు పాయ. అక్కడి ఇన్వర్నెస్ ఊరి పేరుకు అర్థం నెస్ నది సముద్రంలో కలిసే చోటు. వాళ్ల ముంగిట సముద్రం, మన ముంగిట చెరువు.

పాలకులు గీసే సరిహద్దు గీతలు మాత్రం త్వరగా మారతాయి. మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఉన్న బొంతపల్లి 2016లో సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోకి వచ్చింది. ఊరి పేరు మాత్రం అదే. ఇప్పుడు చిరునామాలన్నీ కంపెనీ గేట్లు, ప్లాట్ల నంబర్లు. పేరొక్కటి చెబితే చాలదు, బొల్లారం అన్నా, ఇక్కడి పారిశ్రామికవాడదా, రాష్ట్రపతి నిలయమున్న సికింద్రాబాదు బొల్లారమా అని ఆటోవాళ్లు అడుగుతారు.

బాబూ, పాత పేర్లు మరుగున పడకముందే ఈ సెలవుల్లో మీ తాతను, నాయనమ్మను కూర్చోబెట్టి మీ ఊరి కుంటలు, గట్లు, చేన్ల పేర్లు ఒక్కొక్కటే అడిగి నోటుపుస్తకంలో రాసుకో. వాళ్లు పలికినట్టే రాయి, నువ్వు దిద్దకు.